405 గ్రెయిన్లా, 500 గ్రెయిన్లా: స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిల్‌కు రెండు సీసపు గుండ్లు

అమెరికా సైన్యం 1873లో స్వీకరించిన 0.45 అంగుళాల స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిల్‌కు మొదట 405 గ్రెయిన్ల, అంటే సుమారు 26 గ్రాముల, సీసపు గుండునూ 70 గ్రెయిన్ల నల్ల తుపాకీమందునూ నిర్ణయించారు. 1880ల ఆరంభంలో మందును అంతే ఉంచి, గుండును 500 గ్రెయిన్లకు, అంటే 32 గ్రాములకు పైగా, పెంచారు.

బరువైన గుండు గొట్టం నుంచి కాస్త నెమ్మదిగానే వెలువడుతుంది. అయితే అడ్డుకొలత మారకుండా పొడవు, బరువు పెరిగినందువల్ల గాలి దాని వేగాన్ని అంత త్వరగా హరించలేదు. 1879లో న్యూజెర్సీలోని శాండీ హుక్ వద్ద 2,500 గజాల నుంచి జరిపిన పరీక్షల్లో చెక్క పలకల్లోకి మరింత లోతుగా దిగినది ఇదే. దీనికి మూల్యం ఎదురుతన్ను రూపంలో భుజం చెల్లించాలి. గుర్రపు దళం చేతిలోని తేలికపాటి కార్బైన్‌కు (పొట్టి రైఫిల్‌కు) 55 గ్రెయిన్ల మందుతో పాత గుండునే కొనసాగించడం, నా దృష్టిలో, సరైన నిర్ణయం.

పోత పోయడంలోనూ పెద్ద గుండుదే పేచీ. అచ్చు చల్లగా ఉంటే గుండు ఒంటిపై ముడతలు పడి అంచులు నిండవు. మరీ వేడెక్కితే గుండు ఉపరితలం మంచు పట్టినట్లు తెల్లబారుతుంది. సీసంలో కొద్దిగా తగరం కలిపితే లోహం మూలమూలకూ పారుతుంది. గడ్డకట్టేటప్పుడు సీసం కుంచించుకుపోతుంది కనుక, అచ్చు నోటిపై కాస్త లోహం మిగులుగా నిలపకపోతే గుండు అడుగున గుంట పడుతుంది. లోపల దాగిన బోలును మాత్రం కన్ను పట్టలేదు, త్రాసే పట్టాలి.