పార్థెనాన్ శిల్పాలు: ఏథెన్స్‌లో చూడాలా, లండన్‌లోనా?

క్రీ.పూ. 447–432 మధ్య కట్టిన పార్థెనాన్ గుడి గ్రీసు రాజధాని ఏథెన్స్‌లో, ఓ కొండ మీద ఉంది. దాని శిల్పాల్లో మిగిలినవాటిలో దాదాపు సగం లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. గ్రీకు కళ చూడాలనుకునేవాళ్లకు ఇదే చిక్కు.

ఖర్చు: బ్రిటిష్ మ్యూజియంలోకి ఉచితం. ఏథెన్స్‌లో కొండకో టికెట్, కింద మ్యూజియానికి ఇంకోటి.

వీసా: లండన్‌కు బ్రిటన్ వీసా, ఏథెన్స్‌కు షెంగెన్ (చాలా యూరప్ దేశాల ఉమ్మడి వీసా). ఒకటి రెండోచోట చెల్లదు.

శ్రమ: లండన్‌లో అంతా ఒక్క హాల్లోనే. ఏథెన్స్‌లో కొండెక్కాలి, పాలరాయి అరిగి జారుతుంది. వేసవి వడగాడ్పులకు మధ్యాహ్నాలు మూసేసిన రోజులూ ఉన్నాయి.

చూసేది: గుడి చుట్టూ 160 మీటర్ల ఊరేగింపు శిల్పపట్టీ ఉండేది. లండన్‌లో దాదాపు 75 మీటర్లుంది, కానీ హాలు లోపలికి తిప్పి పెట్టారు. ఏథెన్స్ మ్యూజియం పై అంతస్తులో గుడి దిశలోనే, బయటికి చూసేలా అమర్చారు. లేని ముక్కల చోట తెల్లటి ప్లాస్టర్ నకళ్లు, అద్దంలోంచి ఎదురుగా గుడి! స్తంభాలు లోపలికి వాలడం, అరుగు మధ్యలో కాస్త ఉబ్బడం మాత్రం కొండ మీదే తెలుస్తాయి.

లండన్‌కు నా ఓటు ఒక్క గుర్రం తల కోసం. రాత్రంతా చంద్రదేవత రథం లాగి అలసి, దవడ వేలాడేసిన గుర్రం అది. పైగా మన అమరావతి స్తూపం శిల్పాలూ ఆ భవనంలోనే ఉన్నాయి.

లండన్‌లో చుట్టాలుంటే, చేతిలో ఒక పూటే ఉంటే అక్కడే చూడండి. కట్టడం అర్థం కావాలంటే ఏథెన్స్, అదీ ఏప్రిల్‌లోనో అక్టోబర్‌లోనో.