చీటీ అడగకుండా ట్రమడాల్ పంపేవాళ్ళ దగ్గర కొనకండి

అమ్మను నిన్న రాత్రే ఆసుపత్రి నుంచి తీసుకొచ్చాం. కోపం ఇంకా తగ్గలేదు, అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

మెసేజ్ పెడితే చాలు, నొప్పి మాత్రలు ఇంటికి పంపే అకౌంట్లు మీకు తెలిసినవే. నిరుడు అమ్మ నడుం నొప్పికి డాక్టరు ట్రమడాల్ రాస్తే బాగా పనిచేసింది. మళ్ళీ నొప్పి మొదలైంది, డాక్టరు దగ్గరికి వెళ్ళే ఓపిక లేక నేనే ఆర్డర్ పెట్టాను. ఈ మధ్య డిప్రెషన్‌కు సెర్ట్రలిన్ వాడుతోందని కూడా రాశాను. "పర్లేదు మేడమ్, మామూలు నొప్పి మాత్రే. తగ్గకపోతే ఇంకోటి వేయండి" అన్నాడు ఆ అమ్మేవాడు. నమ్మాను. ఆ తప్పు నాదే.

మూడో రోజు రాత్రి ఒళ్ళంతా చెమటలు, వణుకు, ఏదేదో మాట్లాడింది. తర్వాత ఫిట్స్ వచ్చాయి.

ఆసుపత్రిలో డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, మాత్ర ఎన్ని మిల్లీగ్రాములని. స్ట్రిప్ చూస్తే పేరు, మోతాదు ఉన్న వైపు కత్తిరించేసి ఉంది. వరండాలో నిలబడి వాడికి మెసేజ్ పెట్టాను. డబ్బు అడగలేదు, తిట్టలేదు. "50నా, 100నా? అంతే చెప్పండి, అమ్మకు ఫిట్స్ వచ్చాయి" అన్నాను. చదివాడు. "మీరడిగారు, మేం పంపాం. మింగింది మీ అమ్మ" అని రాసి బ్లాక్ చేశాడు. ఒక్క అంకె చెప్పడానికి వాడికి ఏం పోయింది?

ట్రమడాల్ మామూలు నొప్పి మాత్ర కాదు, ఓపియాయిడ్, అంటే నల్లమందు తరహాలో పనిచేసే బలమైన నొప్పి మందు. మిగతా ఓపియాయిడ్లలా నొప్పిని అణచడంతో ఆగదు, మెదడులో సందేశాలు మోసే రసాయనమైన సెరొటోనిన్‌నూ పెంచుతుంది. సెర్ట్రలిన్ చేసేదీ అదే. రెండూ కలిస్తే సెరొటోనిన్ ప్రమాదకరంగా పెరగొచ్చు, ఫిట్స్ రావచ్చు. పెద్దవాళ్ళకు రోజుకు 400 మిల్లీగ్రాములు దాటకూడదు, 75 ఏళ్ళు పైబడితే 300. ఆ మోతాదు లోపల ఉన్నా ఫిట్స్ రావచ్చని డాక్టరు చెప్పారు. నిద్రమాత్రలతోనో మద్యంతోనో కలిస్తే ఊపిరే మందగిస్తుంది. 12 ఏళ్ళలోపు పిల్లలకు అసలు వేయకూడదు.

వేసుకునే మందులన్నీ డాక్టరుకు చెప్పండి, మాత్ర స్ట్రిప్ పారేయకండి. వారాల తరబడి ట్రమడాల్ వాడుతున్నవాళ్ళు ఇది చదివి భయపడి ఒక్కసారిగా మానేయకండి. చెమటలు, విరేచనాలు, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. డాక్టరే మోతాదు కొంచెం కొంచెంగా తగ్గిస్తారు.