బుట్ట పల్చగా ఉన్నా పర్లేదు, నిజం చెప్పి ఇవ్వండి: ఫార్మ్ షేర్‌తో కొన్ని సీజన్ల అనుభవం

సీజన్ మొదట్లో డబ్బు కట్టేసి వారం వారం తోట నుంచి కూరగాయల బుట్ట తెచ్చుకోవడం, అదే ఫార్మ్ షేర్, ఎలా ఉంటుందో ఈపాటికి చాలామందికి తెలుసు కాబట్టి ఆ వివరాల జోలికి పోను. నేను కొన్ని సీజన్లుగా ఒకే తోటలో సభ్యత్వం కొనసాగిస్తున్నాను. తెలిసినవాళ్లు ఎవరు కనిపించినా అడిగేది ఒక్కటే: "గిట్టుబాటవుతుందా?" కిలో లెక్క వేసేముందు ఇంకొకటి తేల్చుకోండని చెప్తుంటాను. బుట్టలో ఉన్నది ఎక్కడ పండిందో తోటవాళ్లు మీకు ఉన్నదున్నట్టు చెప్తున్నారా?

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఒక సీజన్లో ముసురు పట్టి వదల్లేదు. చల్లగాలి, తడి, ఎండ మొహం చూపించదు. టమాటా మళ్లకి లేట్ బ్లైట్ అనే ఆకుమాడు తెగులు తగిలింది. బుట్ట కోసం వెళ్లినప్పుడు నేనే చూశాను. ఆకుల మీద నీళ్లలో నానినట్టు మచ్చలు, తిప్పి చూస్తే అడుగున తెల్లటి బూజు, కాయల మీద గోధుమరంగులో గట్టిపడిన చారలు. వాతావరణం దానికి అనుకూలిస్తే మడి మొత్తాన్ని కొద్ది రోజుల్లోనే మాడ్చేస్తుంది. 1845లో ఐర్లండ్‌లో మొదలైన బంగాళదుంప కరువుకి కారణమైన తెగులు ఇదే. అందుకే టమాటాతో పాటు దుంపలూ పోతాయేమోనని తోటలో అందరికీ టెన్షన్. సరే, ఈ సీజన్‌కి టమాటా లేనట్టే అనుకుని ఇంటికొచ్చాను.

తర్వాతి బుట్ట చూస్తే నిండుగా ఉంది! టమాటాలు ఒక్క మచ్చ లేకుండా, అన్నీ ఒకే సైజులో నిగనిగలాడుతున్నాయి. నాకు అసలు అనుమానం వచ్చింది మాత్రం క్యారెట్ల దగ్గర. మా తోట క్యారెట్లు ఎప్పుడూ ఆకుతోనే వస్తాయి, గాడుల్లో మట్టి ఉంటుంది, ఒకటి లావు ఒకటి సన్నం. ఆకు అలాగే ఉంచితే దుంపలోని తడి లాగేసి మెత్తబడిపోతుంది కాబట్టి ఇంటికి రాగానే తుంచేయడం నాకు అలవాటు. ఈసారి తుంచడానికి ఆకే లేదు. కడిగి, కొలిచి కోసినట్టు ఒకే పొడవున్నాయి. ఆకు కోసిన చోట ఎండిపోయి నల్లబడింది. పొద్దున పీకిన క్యారెట్‌కి ఆ నలుపు ఉండదు.

బుట్టలు పంచే అబ్బాయిని అడిగితే "అన్నీ మన తోటవేనండీ" అన్నాడు. నాకు మనసొప్పలేదు. రైతుకే ఫోన్ చేశాను. ఆయన కాసేపు అటూ ఇటూ చెప్పి, చివరికి హోల్‌సేల్ మార్కెట్ నుంచి తెచ్చి నింపామని ఒప్పుకున్నాడు. "బుట్ట పల్చగా ఉంటే వచ్చే సీజన్ ఎవరూ డబ్బు కట్టరండీ. ఇంతకుముందు అలాగే కొందరు మానేశారు" అన్నాడు. ఆయన భయం నాకు అర్థమైంది. కోపం మాత్రం తగ్గలేదు, ఇప్పటికీ గుర్తొస్తే మనసు చివుక్కుమంటుంది.

ఎందుకంటే పంట పోతే ఆ నష్టంలో నాకూ వాటా ఉంటుందని ఒప్పుకునే నేను ముందే డబ్బు కట్టాను. విత్తనం, ఎరువు, కూలీ ఖర్చులన్నీ సీజన్ మొదట్లోనే మీద పడతాయి, రాబడి కోతకొచ్చాకే. సభ్యులు ముందే కడితే మధ్యలో రైతుకి అప్పు చేసే అవసరం తగ్గుతుంది. జపాన్‌లో 1970ల్లో ఊపందుకున్న, రైతులూ తినేవాళ్లూ నేరుగా చేతులు కలిపే టేకేయ్ ఉద్యమం 1978లో పది సూత్రాలు రాసుకుంది. పండించినదంతా సభ్యులు తీసుకోవాలన్నది వాటిలో ఒకటి. అమెరికాలో 1986లో మొదలైన టెంపుల్-విల్టన్ తోటలోనైతే ఏడాది ఖర్చుల లెక్కంతా సభ్యుల ముందు పెడతారు, ఎవరు ఎంత ఇవ్వగలిగితే అంత ఇస్తామని మాటిస్తారు. దాపరికం ఉంటే ఈ ఏర్పాటు నిలబడదు. మార్కెట్ సరుకే కావాలనుకుంటే నేనే మార్కెట్‌కి వెళ్లి ఏరుకుని తెచ్చుకునేదాన్ని, అదీ తక్కువ ధరకి.

సభ్యుల మీటింగ్‌లో ఈ మాట ఎత్తాను. అందరూ నాతో ఏకీభవించలేదు. "డబ్బు కట్టాం, బుట్ట నిండాలి, ఎక్కడిదైతే ఏం" అన్నవాళ్లూ ఉన్నారు. చిన్నపిల్లలున్న ఇల్లు, దగ్గర్లో ఇంకో కొట్టు లేని ఇల్లు అయితే వాళ్లు అలా అనడంలో తప్పు లేదు. చాలాసేపు వాదోపవాదాలయ్యాక ఒక దారి దొరికింది. బుట్టలు తీసుకునే చోట బోర్డు పెట్టారు. మన తోటలో ఏం వచ్చింది, ఏది పోయింది, ఎందుకు పోయింది అన్నీ దాని మీద రాస్తారు. బయట కొన్నవి విడిగా ఇంకో ట్రేలో ఉంటాయి, కావాలనుకున్నవాళ్లు తీసుకుంటారు.

ఆ తర్వాతి సీజన్లో క్యాబేజీని పురుగు తినేసింది. ఒక వారం బుట్టలో పాలకూర, ముల్లంగి తప్ప ఏమీ లేవు. బోర్డు మీద కారణం రాసుంది. నిజం చెప్తున్నాను, ఆ పల్చటి బుట్ట తీసుకున్నప్పుడు నాకు డబ్బు పోయినట్టు అనిపించలేదు. ఆ నమ్మకం కోసమే నేను ఇంకా ఇందులో ఉన్నాను.

ఇక ఖర్చు సంగతి. మార్కెట్‌తో పోలిస్తే దాదాపు సమానంగానే పడుతుందని మొదటి సీజన్లో అందరికీ చెప్పాను. తెచ్చినదంతా తింటేనే ఆ లెక్క నిలుస్తుంది. వరసగా మూడోసారి క్యాబేజీ వచ్చి అందులో సగం పారేశారంటే లెక్క తలకిందులవుతుంది. కాబట్టి కట్టిన డబ్బుని బుట్టలోకి వచ్చిన కిలోలతో కాకుండా మీరు తిన్న కిలోలతో భాగించి చూడండి. ఆకుకూరలు వారం పాటు వాడవని కూడా చెప్పేదాన్ని. పొద్దున కోసినవి పొద్దున్నే తెచ్చుకుని తడిగుడ్డలో చుట్టి పెడితే నిజమే. సాయంత్రం దాకా వేడిలో ఉన్న బుట్ట తెచ్చుకుంటే కొట్టులో కొన్నదానికి, దీనికి పెద్ద తేడా ఉండదు. ఇంకోటి, పండిన టమాటా పక్కన ఆకుకూర పెట్టకండి. దాన్నుంచి వచ్చే ఎథిలీన్ వాయువుకి ఆకు త్వరగా పసుపు పడుతుంది, క్యారెట్ చేదెక్కుతుంది.

నా పరిస్థితి వేరని కూడా చెప్పాలి. రోజూ ఇంట్లోనే వండుతాను, ఏ కూర వస్తే ఆ పూట అదే వండేస్తే మా ఇంట్లో గొడవ ఉండదు, తోట నేను వెళ్లే దారిలోనే ఉంది. ఊళ్లు తిరిగే ఉద్యోగమైనా, ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కో కూర కావాలన్నా పూర్తి షేర్ తీసుకోమని నేను చెప్పను. సగం షేర్, నచ్చనిది మార్చుకునే సౌకర్యం, డబ్బు వాయిదాల్లో కట్టే వీలు ఉన్నాయేమో కనుక్కోండి. కట్టేముందు మాత్రం రైతుని ఎదురుగా నిలబడి అడగండి: పోయిన సీజన్లో ఏ పంట పోయింది, అప్పుడు బుట్టలో ఏం పెట్టారు? ఏదీ పోలేదంటే నేనైతే ఇంకో తోట చూసుకుంటాను.

మా ఇంట్లో ఈమధ్య తినేవాళ్లు తగ్గారు కాబట్టి ఈసారి నేనూ సగం షేరే తీసుకున్నాను. బోర్డు ఉన్నంతకాలం కొనసాగుతాను. పూర్తి షేర్‌కి మళ్లీ మారాలా వద్దా అన్నది, పిల్లలు సెలవులకి వచ్చినప్పుడు బుట్ట సరిపోతుందో లేదో చూసుకుని నిర్ణయిస్తాను.