పిల్లల చేత రంగుల ఇడ్లీలు వండించే తరగతి, విశాఖపట్నం

ఎంవీపీ కాలనీలో ఆదివారం ఉదయం జరిగే ఈ వంట తరగతిలో చిన్నపిల్లలను, వెంట ఇంటి పెద్దవారు ఒకరుంటేనే చేర్చుకుంటారు. వంటకాల ఎంపికే దీని అసలు బలం. రంగు పొడులు వాడకుండా, ఇడ్లీ పిండిని గిన్నెలుగా విడదీసి, ఒకదానిలో బీట్‌రూట్ రసం, మరొకదానిలో పాలకూర ముద్ద, ఇంకొకదానిలో క్యారట్ తురుము పిల్లల చేతనే కలిపిస్తారు. ఆవిరికి పెట్టే పని మాత్రం పెద్దలదే. పిండి పులుపు బీట్‌రూట్ ఎరుపును కొంతవరకు కాపాడుతుందనీ, అదే పులుపు ఉడికేటప్పుడు పాలకూర పచ్చదనాన్ని మసకబారుస్తుందనీ ఇడ్లీలు పక్కపక్కన పెట్టి చూపించడం నాకు ఎంతో నచ్చింది.

పసుపు నీళ్లలో చిటికెడు వంటసోడా వేయగానే పారాణిలా ఎర్రబడటం, నిమ్మరసం పిండగానే తిరిగి పసుపురంగుకు మారటం చూసి పిల్లలు ఆ రోజు వంట సంగతే మరిచిపోయారు. (పెద్దలూ అంతే.)

లోపాలు లేకపోలేదు. కూరగాయలన్నీ ముందే తరిగి ఉంచడం వల్ల, పాలకూర ఆకులు తుంచడం, బఠాణీలు ఒలవడం వంటి కత్తి అక్కరలేని పనులు కూడా పిల్లలకు దక్కలేదు. పులిహోర పోపులో వేరుశనగ గుళ్లు వేసే ముందు, అవి ఎవరికైనా పడవా అని అడగనే లేదు. ఈ విషయంలో నిర్వాహకులు వెంటనే జాగ్రత్తపడాలి. అప్పటివరకు తల్లిదండ్రులే చేరేటప్పుడు పదార్థాల జాబితా అడిగి తీసుకోవడం మంచిది.