మిద్దె మీద నిమ్మ: గింజ మొక్కా, గాలి అంటా?

మిద్దె తోట మొదలుపెట్టినవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే: డ్రమ్ములో నిమ్మ పెట్టాలంటే గింజ మొక్క తెచ్చుకోవాలా, అంటు మొక్కా? ఈ మధ్యే మా మిద్దె మీదికి ఇంకో నిమ్మ తెచ్చాను కాబట్టి నా లెక్క చెబుతాను.

గింజ మొక్కను తీసిపారేయడానికి లేదు. గూడూరు వైపు నిమ్మతోటలు చాలావరకు గింజ మొక్కలవే. ఒక్క నిమ్మగింజ నుంచి రెండు మూడు మొలకలు రావడం మామూలే, వాటిలో ఎక్కువ భాగం తల్లిచెట్టు గుణంతోనే వస్తాయి. నిమ్మను దెబ్బతీసే ట్రిస్టెజా వైరస్ గింజతో రాదు. తల్లిచెట్టుకు ఉంటే అంటుతో మాత్రం వస్తుంది.

అయినా డ్రమ్ముకు నా ఓటు గాలి అంటుకే. నేను చూసేది ఒక్కటే, మొక్క వయసు. గింజ మొక్కకు ఈడు రానిదే పూత రాదు. నేలలోనే నాలుగైదేళ్లు పడుతుంది, వేరుకు చోటు చాలని డ్రమ్ములో ఇంకా ఆలస్యం. ఈలోపు పొడవాటి ముళ్లు వేసుకుంటూ నిటారుగా పైకి పోతుంది. దారికి అడ్డమొస్తోందని తల కత్తిరిస్తే పూత మరింత వెనక్కి పోతుంది, ఎందుకంటే ముందుగా ఈడుకొచ్చేది ఆ పై కొమ్మలే. గాలి అంటు అలా కాదు. కాపుకొచ్చిన చెట్టు కొమ్మకే వేర్లు పుట్టించి కోస్తారు కాబట్టి దాని వయసు దానికి ముందే ఉంది. ఏడాది, రెండేళ్లలో కాయ చూస్తాం. తల్లివేరు ఉండదు కనుక నేలలో పెడితే గాలికి ఒరుగుతుందన్న మాట నిజమే. అడుగున్నర లోతు డ్రమ్ములో తల్లివేరుకు పనేముంది? కర్ర పాతి కట్టేస్తే సరిపోతుంది.

నర్సరీలో ఏది అడిగినా "హైబ్రిడ్ అండీ" అంటారు. మీరు మొక్క మొదలు, అంటే కాండం అడుగు చూడండి. గింజ మొక్క కాండం సన్నగా, తిన్నగా, పచ్చగా ఉంటుంది, కణుపు కణుపుకీ ముల్లు. గాలి అంటుకు కాండం అడుగునే ముదురు బెరడు కనిపిస్తుంది. పైమట్టి వేలితో కాస్త తప్పిస్తే వేర్లన్నీ ఒకేచోట నుంచి గుత్తిగా వచ్చినట్టు తెలుస్తుంది. ఆకుల మీద పసుపు అంచుతో గరుకు మచ్చలుంటే అది గజ్జి తెగులు, ఆ మొక్క వద్దు. బాలాజీ రకం దొరికితే మంచిది, గజ్జిని బాగా తట్టుకుంటుంది. చిన్న కవర్లోనే కాయలున్నాయని మురిసిపోకండి, ఇంటికి తెచ్చాక వాటిని తుంచేయండి.

కన్ను కట్టిన మొక్క, అంటే వేరే మొక్క వేరు మీద మనకు కావలసిన రకం మొగ్గను అతికించింది, బత్తాయికి సరి, నిమ్మకు అవసరం లేదు. కొంటే మాత్రం అంటు కింద నుంచి వచ్చే చిగుళ్లను ఎప్పటికప్పుడు గిల్లేయాలి.

ఇప్పటికే గింజ మొక్క ఉన్నవాళ్లు పీకేయకండి. పెరట్లో నేల ఉన్న చుట్టాలకు ఇవ్వండి, లేదా ఓపిక ఉంటే తల కత్తిరించకుండా ఉంచండి.