ఇంగ్లీషు తరగతిలో తెలుగు ఎంత? ప్రశ్నావళి మేలా, రికార్డింగు మేలా?

అనంతపురం శ్రీకృష్ణదేవరాయలోనో, కడప యోగి వేమనలోనో, కర్నూలు రాయలసీమ విశ్వవిద్యాలయంలోనో ఇంగ్లీషు బోధన మీద పరిశోధనకు చేరినవాళ్లకు కాలినడక దూరంలోనే మంచి ప్రశ్న ఒకటుంది. ఇంగ్లీషు మీడియం హైస్కూల్లో సారు పాఠం చెప్పేటప్పుడు తెలుగు ఎంత వాడతారు, ఏ పనికి వాడతారు? తేల్చడానికి రెండు దారులున్నాయి. ప్రశ్నావళి పంచడం, తరగతిని రికార్డు చేయడం.

ప్రశ్నావళి చవక. గూగుల్ ఫారం చేసి టీచర్ల వాట్సాప్ గ్రూపుల్లో పెడితే వారంలో జవాబులు వస్తాయి. చిక్కల్లా ఆ జవాబులు దేన్ని కొలుస్తున్నాయన్న దగ్గరే. ‘నేను తరగతిలో తెలుగు వాడతాను: ఎప్పుడూ, తరచుగా, అప్పుడప్పుడు, అరుదుగా, అసలు లేదు’ అని అడిగితే, ఇంగ్లీషు మీడియం బడిలో ఉద్యోగం చేసే మనిషి ‘అరుదుగా’ దగ్గర టిక్కు పెట్టడంలో వింతేముంది? పైగా ఒకరి ‘తరచుగా’ పీరియడ్‌కు రెండుసార్లు, ఇంకొకరిది ఇరవైసార్లు. ఆ జవాబులకు 5 నుంచి 1 దాకా అంకెలు వేసి, వాటి సగటు 3.72 అని థీసిస్‌లో రాసినంత మాత్రాన కొలత వచ్చినట్టు కాదు. క్రోన్‌బాక్ ఆల్ఫా 0.70 దాటిందని ధీమా పడేవాళ్లూ ఉన్నారు. ప్రశ్నలు ఒకదానితో ఒకటి పొసుగుతున్నాయని మాత్రమే ఆల్ఫా చెబుతుంది, జవాబు నిజమని కాదు.

ఇంకో గుంట మాతృభాష దగ్గరుంది. ఆదోని, రాయదుర్గం వైపు కన్నడం మాట్లాడే ఇళ్లున్నాయి. కర్నూలు, కడప పట్టణాల్లో ఉర్దూ ఇళ్లు తక్కువేం కాదు. ‘తెలుగా, ఇంగ్లీషా’ అని రెండే గళ్లు పెడితే ఆ పిల్లల సంగతి గల్లంతే. జిల్లా పేరు కూడా జాగ్రత్తగా రాయాలి. 2022 ఏప్రిల్‌లో నంద్యాల, శ్రీ సత్యసాయి, అన్నమయ్య జిల్లాలు విడివడ్డాయి. ‘కర్నూలు జిల్లా’ అంటే పాతదా కొత్తదా చెప్పకపోతే నమూనా లెక్కే తప్పుతుంది.

రికార్డింగు కష్టం వేరే రకం. సారు జేబులో ఒక ఫోను, మూడో బెంచీ మీద ఇంకొకటి పెట్టాలి. జేబులోది ఒక్కటే అయితే పిల్లల జవాబులు వినబడవు. రెండూ ఫ్లైట్ మోడ్‌లో ఉండాలి, లేకుంటే కాల్ వచ్చి రికార్డింగు మధ్యలో తెగుతుంది. బెంచీ మీది ఫోను ఫ్యాను కింద పెడితే గాలిమోత తప్ప ఏమీ మిగలదు. మార్చిలో ఒంటిపూట బడులు, పదోతరగతి పరీక్షలు మొదలైతే పీరియడ్లు కుదించుకుపోతాయి కాబట్టి నవంబరు, డిసెంబరు మేలు. ఫోను ఉందని తెలిసిన మొదటి రోజు సారు ఇంగ్లీషు కాస్త ఎక్కువే పలుకుతారు. ఆ పీరియడ్‌ను లెక్కలోంచి తీసేయాలి.

అసలు బరువు రాతప్రతి దగ్గర, అంటే రికార్డింగు విని మాటమాటా రాసుకోవడం దగ్గర. తెలుగు, ఇంగ్లీషు కలగలిసిన గంట మాట రాయడానికి ఆరేడు గంటలు పడుతుంది. ఆపైన కోడింగు, అంటే ప్రతి వాక్యానికీ అది ఏ భాషో, ఏ పనికో గుర్తు వేయడం. ఈ ఒక్క వాక్యం చూడండి: ‘బుక్స్ తియ్యండ్రా, పేజీ ట్వెల్వ్, ఫస్ట్ పేరా చదువప్పా నువ్వు.’ మాటలు లెక్కపెడితే ఎనిమిదింట్లో ఐదు ఇంగ్లీషు. క్రియలన్నీ తెలుగువే కాబట్టి వాక్యం లెక్కన తెలుగు. అందుకే కోడింగుకు ముందే రూలు రాసుకోవాలి. బుక్కు, పేజీ, పేరా లాంటి బడిమాటలు ఏ భాషకూ కట్టకూడదు, వాక్యాన్ని క్రియను బట్టి నిర్ణయించాలి, పక్కనే ఆ వాక్యం చేసిన పని రాయాలి: అర్థం చెప్పడమా, అదిలించడమా, వ్యాకరణమా, పలకరింపా. పదో వంతు రాతప్రతిని ఇంకొకరి చేత విడిగా కోడ్ చేయించి, ఇద్దరి గుర్తులు ఎంత కలిశాయో చెప్పే కోహెన్ కప్పా అనే అంకె చూడాలి. 0.60 దాటకపోతే రూలు సరిగా లేదన్నమాట.

తరగతిలో ఎవరు మాట్లాడుతున్నారో చూసి గుర్తులు వేసే ఫ్లాండర్స్ పట్టికతో కూర్చుంటే చాలదా అని అడుగుతారు. మూడు సెకన్లకొక గుర్తు చొప్పున 45 నిమిషాలకు 900 గుర్తులు. అందులోని పది గళ్లలో ఎవరు మాట్లాడారో ఉంటుంది గానీ ఏ భాషలోనో ఉండదు. ఈ ప్రశ్నకు పనికిరాదు.

కాబట్టి ఈ ప్రశ్నకు రికార్డింగే మేలు, చిన్న మోతాదులో. నలుగురు టీచర్లు, ఒక్కొక్కరివి మూడు పీరియడ్లు, అంటే 9 గంటలు. రాతప్రతికి అరవై గంటలు కేటాయిస్తే రెండు నెలల్లో తెములుతుంది. ప్రతి పీరియడ్ తర్వాత రెండు రోజులు దాటకుండా టీచరుకు ఆయన ముక్కే వినిపించి ‘ఇక్కడ తెలుగులోకి ఎందుకు వచ్చారు సార్?’ అని అడగాలి. ఆలస్యమైతే ఆయన గుర్తున్నది కాక, సబబుగా తోచింది చెబుతారు.

ప్రశ్నావళి ఆ తర్వాత. రికార్డింగులో దొరికిన సందర్భాలే అందులో ప్రశ్నలవ్వాలి: ‘పాసివ్ వాయిస్ రూలు చెప్పేటప్పుడు ఏ భాషలో చెబుతారు?’ అని. నలుగురి శాతాలను జిల్లా మొత్తానికి అంటగట్టకుండా ఉండాలన్నా ఇదే దారి. పిల్లలకు ఇచ్చే ప్రశ్నావళి తెలుగులో, అవసరమైతే ఉర్దూలో, కన్నడంలో ఉండాలి. వాటిని ఇంకొకరి చేత తిరిగి ఇంగ్లీషులోకి రాయించి పోల్చుకోవాలి. పది, పదిహేను మంది చేత ముందుగా బయటికి చదివించి ఎక్కడ తడబడ్డారో గుర్తు పెట్టుకోవాలి.

తల్లిదండ్రులు ఇంగ్లీషు మీడియం ఎందుకు కోరుకుంటున్నారన్నది మీ ప్రశ్న అయితే ఫోను, మైకు అక్కర్లేదు, ప్రశ్నావళి, కొన్ని ముఖాముఖీలు చాలు. తరగతి మీదే అయితే హెడ్మాస్టరు, డీఈఓ అనుమతి, పిల్లల తల్లిదండ్రుల సంతకాలు రికార్డింగుకు ముందే చేతిలో ఉండాలి. రాతప్రతిలో పేర్ల బదులు టీచరుకు టీ1, విద్యార్థికి ఎస్7 అని రాసుకోవాలి.