మదలేన్ ట్రే: నాన్‌స్టిక్ అన్న మాట తప్ప మిగతాదంతా నిజమే

మదలేన్ అంటే ఆల్చిప్ప ఆకారంలో ఉండే చిన్న ఫ్రెంచ్ కేకు. వాటిని కాల్చే ఈ ట్రే పెట్టె మీద ‘వెన్న రాయక్కర్లేదు’ అని ఉంది. నమ్మాను. మొదటి వాయిలో ఏడు బుద్ధిగా ఊడొచ్చాయి, ఐదు తమ చర్మం ట్రేకి అప్పగించి వచ్చాయి. ఆ తర్వాత అరగంట సేపు టూత్‌పిక్‌తో గాడుల్లో గీక్కుంటూ కూర్చున్నాను. చాకు పెడితే పూత లేచిపోతుందని భయం.

ఇదంతా ఎందుకంటే, మా బుక్ క్లబ్‌లో ఎవరింట్లో కూర్చుంటే వాళ్ళు ఆ నెల పుస్తకంలోంచే ఏదో ఒక తీపి చెయ్యాలి. నా వంతుకి ఫ్రెంచ్ నవలాకారుడు ప్రూస్ట్ పడ్డాడు. ఏడు సంపుటాల నవల కదా, మేం పెట్టుకున్నది 1913లో వచ్చిన మొదటిది ఒక్కటే. అదీ సగంమంది పూర్తిచెయ్యలేదు. కథకుడు టీలో మదలేన్ ముంచి తినగానే చిన్నతనం గుర్తొచ్చే చోటు మొదట్లోనే ఉంటుంది కాబట్టి అక్కడిదాకా మాత్రం అందరూ వచ్చారు. తొలి చిత్తుప్రతుల్లో అది మదలేన్ కాదట, కాల్చిన రొట్టె ముక్కట. ఆయన అలాగే వదిలేసి ఉంటే నాకీ ట్రే ఖర్చు తప్పేది.

ట్రే సంగతికొస్తే, పన్నెండు గుంటలు, ఒక్కోటీ ఆల్చిప్ప ఆకారం, ఉక్కు మీద నల్ల పూత. చేతికి బరువుగానే ఉంది, 200 డిగ్రీల్లో కూడా వంకర పోలేదు. గాడులు లోతుగా ఉండటంతో గీతలు చక్కగా తేలాయి. అంటుకునేది కూడా ఆ గాడుల్లోనే. రెండో వాయికి కరిగించిన వెన్నని బ్రష్‌తో గీత గీతకీ పూసి, మైదా చల్లి, ట్రే బోర్లించి దులిపి, పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టాను. ఈసారి బల్ల అంచుకి ఒక్కసారి తట్టగానే పన్నెండూ జారిపడ్డాయి.

నల్ల లోహం త్వరగా వేడెక్కుతుంది. నా దగ్గరున్న వంటకంలో 11 నిమిషాలని రాసుంది కానీ ఈ ట్రేకి 9 చాలు, అంతకు మించితే అంచులు మాడతాయి. ఇంతకుముందు ఒకసారి సిలికాన్ ట్రేలో చేశాను. సులువుగా ఊడొచ్చాయి గానీ గీతల వైపు పాలిపోయి, జ్వరం తగ్గినవాళ్ళ మొహంలా ఉన్నాయి. రంగు కావాలంటే లోహమే.

మదలేన్ వీపు మీద లేచే బుడిపె ట్రే గొప్పదనం కాదు. పిండిని కనీసం గంట ఫ్రిజ్‌లో ఉంచి, చల్లగా ఉన్నప్పుడే బాగా వేడెక్కిన ఓవెన్‌లో పెడితే ముందు అంచులు గట్టిపడతాయి, మధ్యలో పచ్చిగా ఉన్న పిండి పైకి తన్నుకొస్తుంది. గుంటలో చెంచాడు వేసి వదిలెయ్యండి, సర్దక్కర్లేదు, అదే కరిగి పరుచుకుంటుంది. రెండు గుడ్లు, మైదా, పంచదార, వెన్న వంద గ్రాముల చొప్పున, చెంచా బేకింగ్ పౌడర్, నిమ్మ తొక్క తురుము. ఈ కొలతకి నాకు పద్దెనిమిది వచ్చాయి. అంటే పన్నెండయ్యాక ట్రే చల్లార్చి, కడిగి, మళ్ళీ వెన్న పూసి ఆరింటి కోసం ఓవెన్ నడపాలి. నాకు ఒళ్ళు మండింది ఇక్కడే. ఐదుకి నాలుగు చుక్కలిస్తున్నాను, ఆ ఒక్కటీ పెట్టె మీది అబద్ధానికి కోత.

ముందు రోజు రాత్రే చేసి పెట్టుకోవడం మాత్రం నా తప్పు. సాయంత్రానికి మెత్తదనం పోయి, పొడిపొడిగా అయ్యాయి. చూడ్డానికి బాగున్నాయని అందరూ మర్యాదగా మెచ్చుకున్నారు, ఎవరూ రెండోది తీసుకోలేదు. నవల్లో కథకుడికి కూడా మదలేన్ చూస్తే ఏమీ గుర్తురాదు, నోట్లో పడ్డాకే. సరే టీలో ముంచండన్నాను. మొదటి ముక్క విరిగి కప్పు అడుక్కి పోయింది. ఆ కప్పు పట్టుకున్నావిడ పుస్తకం తిరగేసి, “ఈయన ముక్కని టీలో నాననిచ్చి, చెంచాతోనే తాగాడండీ, చూడండి” అంది. లేచెళ్ళి అందరికీ చెంచాలు తెచ్చాను. పద్దెనిమిదీ అయిపోయాయి.